పాత పగులేది, కొత్త పగులేది: బొగ్గు దిమ్మల మీద హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టాం

పని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: బొగ్గు దిమ్మను ఉక్కు ఫ్రేములో పెట్టి, భూమి లోపల ఉన్నట్టే మూడు దిక్కుల నుంచీ ఒత్తిడి ఇచ్చి, నడిమికి చేసిన సన్నటి రంధ్రంలోకి నీళ్లు పంపు చేసి, దిమ్మ ఎంత ఒత్తిడి దగ్గర, ఏ దారిన పగులుతుందో చూడటం. హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ అనగానే అందరికీ చమురు బావులే గుర్తొస్తాయి. 1947లో కాన్సాస్‌లోని హ్యూగోటన్ గ్యాస్ క్షేత్రంలో మొదటి ప్రయోగం జరిగింది, 1949 నుంచి వ్యాపారంగా నడుస్తోంది. బొగ్గులో దీనికి రెండు అవసరాలు. ఒకటి పొరలో ఉన్న మీథేన్‌ను ఇంధనంగా తీయడం. రెండోది, నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది, తవ్వకం మొదలుపెట్టకముందే ఆ గ్యాస్‌ను లాగేసి గని లోపల పనిచేసేవాళ్ల మీదికి బొగ్గూ గ్యాసూ ఒక్కసారిగా ఎగజిమ్మే ప్రమాదాన్ని తగ్గించడం.

బొగ్గులో మీథేన్ ఎక్కువ భాగం ఖాళీల్లో నిండి ఉండదు, బొగ్గు లోపలి అతి సూక్ష్మమైన రంధ్రాల గోడలకు అంటుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి తగ్గితే విడివడుతుంది. విడివడింది బయటికి రావడానికి దారి కావాలి కదా, ఆ దారులే క్లీట్లు, అంటే బొగ్గు బొగ్గుగా మారే క్రమంలోనే దానిలో పడిన సహజమైన పగుళ్లు. ఇవి రెండు రకాలు. ఫేస్ క్లీట్లు పొడుగ్గా, ఒకే దిక్కున, తెగకుండా సాగుతాయి. బట్ క్లీట్లు వాటికి దాదాపు లంబంగా ఉండి, ఒక ఫేస్ క్లీట్ నుంచి ఇంకో ఫేస్ క్లీట్ దాకా వచ్చి ఆగిపోతాయి. రెండూ పొరకు దాదాపు నిలువుగా ఉంటాయి. పొరల మధ్య అతుకులను కూడా కలుపుకుంటే, మనం పగలగొట్టడానికి ముందే బొగ్గు మూడు దిక్కులా పగిలి ఉంది. ఇసుకరాయి మీద నేర్చుకున్న సూత్రాలు ఇక్కడ తడబడటానికి కారణం ఇదే, ఈ ప్రాజెక్టు మొత్తం తిరిగేదీ దీని చుట్టూనే: పరీక్ష తర్వాత దిమ్మలో కనిపించే పగులు మనం పంపిన నీళ్లు తెచ్చిందా, ముందే ఉన్నదా? దీనికి జవాబు చెప్పలేకపోతే మిగతా అంకెలకు విలువ లేదని నా నమ్మకం.

దిమ్మలు వచ్చాయి

గని నుంచి పెద్ద పెళ్లలుగా వచ్చాయి, ప్లాస్టిక్ షీట్ చుట్టి పైన మైనం పూసి. అన్నిటికన్నా నాకు నచ్చిన విషయం, ప్రతి పెళ్ల మీదా రంగుతో బాణాలు గీసి పంపారు: పైవైపు ఏది, ఫేస్ క్లీట్ ఏ దిక్కున నడుస్తోంది అని. పొర నుంచి పెళ్లను ఊడదీయకముందే గీయాల్సిన గుర్తు అది, ఊడదీశాక దిక్కు చెప్పడం చాలా కష్టం.

మైనం ఎందుకంటే బొగ్గులోని చెమ్మ. అది ఆరిపోతే బొగ్గు కుంచించుకుని తనంతట తనే పగులుతుంది, ముఖ్యంగా తక్కువ ర్యాంకు బొగ్గు, అంటే ఇంకా బాగా ముదరనిది. గది గాలికి వదిలేసిన ఒక చిన్న ముక్కను రోజూ ఒకే కోణం నుంచి ఫొటో తీస్తూ వచ్చాను. పక్కన పెట్టి చూస్తే మొదట లేని వెంట్రుక గీతలు పొరల వెంబడి స్పష్టంగా తేలాయి. అందుకే కోసేటప్పుడు, రంధ్రం చేసేటప్పుడు తప్ప దిమ్మ ఎప్పుడూ తడిగుడ్డా ప్లాస్టిక్కూ కప్పుకునే ఉండాలని ల్యాబ్‌లో నియమం పెట్టుకున్నాం.

కోత

డైమండ్ వైర్ సాతో కోస్తున్నాం. వృత్తాకారపు బ్లేడు వేగంగానే కోస్తుంది కానీ ఆ అదురుకు బొగ్గు క్లీట్ల వెంబడి ముక్కలవుతుంది. వైర్ నెమ్మది, ఓపిక కావాలి, అంచులు మాత్రం నిలుస్తాయి. మాకు కావాల్సింది 200 మి.మీ. ఘనం, ఒక జత ముఖాలు పొరకు సమాంతరంగా, ఇంకో జత ఫేస్ క్లీట్‌కు సమాంతరంగా. అన్ని పెళ్లలూ ఘనం దాకా రావు, కొన్ని ఆఖరి ముఖం కోస్తుండగా మూల నుంచి విడిపోతాయి. చిన్న పెచ్చు ఊడితే సిమెంటు, జిప్సం ముద్దతో పూడ్చి ముఖాన్ని మళ్లీ చదును చేస్తాం. పెద్దది పోతే ఆ దిమ్మను ఘనంగా వాడం.

విడిపోయిన ముక్కలు వృథా కావు. వాటి నుంచి 50 మి.మీ. వ్యాసం, 25 మి.మీ. మందం ఉన్న బిళ్లలు తీసి అడ్డంగా నొక్కి పగలగొడితే తన్యబలం, అంటే లాగినప్పుడు తెగకుండా తట్టుకునే బలం, తెలుస్తుంది, దీన్నే బ్రెజిలియన్ పరీక్ష అంటారు. బొగ్గు తన్యబలం మామూలుగా 1 మెగాపాస్కల్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు పదింతలు) అటూ ఇటూ. ఆ బలానికి ఇంత బిళ్ల మీద పడాల్సిన భారం లెక్కేస్తే దాదాపు 200 కిలోలే, పెద్ద యంత్రాల లోడ్ సెల్ దాన్ని సరిగా చదవదు, అందుకని చిన్న లోడ్ సెల్ ఉన్న యంత్రం వాడాం. ఇంకో సంగతి, బిళ్లను తిప్పి పెడితే జవాబు మారిపోతుంది. క్లీట్ వెంబడి చీలేలా పెడితే బలం బాగా తక్కువ, క్లీట్‌కు అడ్డంగా చీలేలా పెడితే ఎక్కువ. కాబట్టి బొగ్గు తన్యబలం ఇంత అని ఒకే అంకె రాసి దిక్కు చెప్పకుండా వదిలేసిన పట్టికలను నేను లెక్కల్లో వాడను.

రంధ్రం, పైపు, ఎపాక్సీ

పై ముఖం నడిమి నుంచి 10 మి.మీ. రంధ్రం, 120 మి.మీ. లోతు. నెమ్మదిగా, నీళ్లు పోయకుండా, పొడిని గాలితో ఊది తీస్తూ. పైనుంచి 80 మి.మీ. దాకా స్టీలు పైపు అతికిస్తాం, కింద 40 మి.మీ. ఖాళీ గోడ మిగులుతుంది, నీళ్లు బొగ్గును తాకేది అక్కడే, సరిగ్గా దిమ్మ నట్టనడుమ. ఎపాక్సీ ఎంపిక మీద చాలా చర్చ జరిగింది. పల్చటిదైతే క్లీట్లలోకి పాకి రంధ్రం చుట్టూ బొగ్గును గట్టిపరుస్తుంది, అప్పుడు మనం కొలిచేది బొగ్గు బలం కాదు, జిగురు బలం. అందుకే జారని చిక్కటి రకం, పైపు చివర ఓ-రింగ్, పూర్తిగా గట్టిపడే దాకా దిమ్మను కదపకుండా ఉంచడం.

ఫ్రేము సిద్ధం

మూడు జతల హైడ్రాలిక్ జాకులు. నిలువుగా 8 మెగాపాస్కల్, అడ్డంగా ఒక దిక్కున 6, ఇంకో దిక్కున 3. పైనున్న రాతి బరువు మీటరుకు దాదాపు 0.025 మెగాపాస్కల్ చొప్పున వేసుకుంటే 8 అంటే సుమారు 320 మీటర్ల లోతు. 200 మి.మీ. ముఖం మీద 8 మెగాపాస్కల్ అంటే 32 టన్నులు పైచిలుకు, ఇంత బరువును పెళుసు బొగ్గు మీద ఒక్కసారిగా దించలేం. మూడు దిక్కులూ కలిపి ముందు 3 దాకా తీసుకెళ్లి, తర్వాత రెండు దిక్కుల్ని 6 దాకా, చివరికి నిలువుది 8 దాకా. ప్లేటుకీ బొగ్గుకీ మధ్య గ్రీజు రాసిన టెఫ్లాన్ షీట్లు వేస్తాం, లేకపోతే రాపిడి వల్ల ముఖాల దగ్గర దిమ్మ బిగుసుకుపోయి లోపలి ఒత్తిడి మనం అనుకున్నట్టు ఉండదు.

పంపు లైన్లలో గాలి లేకుండా చూడటం గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే కొత్తగా చేరిన విద్యార్థులు అందరూ అడిగేది ఇదే. లైన్లూ రంధ్రమూ కలిపి 100 మి.లీ. నీళ్లు పడతాయి అనుకుందాం. 4 మెగాపాస్కల్ దాకా ఒత్తిడి పెంచితే ఆ నీళ్లు కుంచించుకునేది 0.2 మి.లీ. కూడా ఉండదు. అదే ఎక్కడో ఒక మూల 1 మి.లీ. గాలి బుడగ ఉంటే అదొక్కటే ఇంచుమించు పూర్తి 1 మి.లీ. మింగేస్తుంది. ఒత్తిడి పెరుగుదల నెమ్మదిస్తుంది, అంతకన్నా ముఖ్యంగా పగులు పడిన క్షణంలో ఆ బుడగ వ్యాకోచించి దాచుకున్న నీటినంతా ఒక్క ఉదుటున పగుల్లోకి తోస్తుంది. అప్పుడు పగులు మనం పెట్టిన ఫ్లో రేటుతో కాదు, బుడగ ఇష్టప్రకారం పెరుగుతుంది. కాబట్టి ప్రతి పరీక్షకు ముందు లైన్లను వ్యాక్యూమ్ చేసి, మరిగించి చల్లార్చిన నీళ్లతో నింపుతాం. ప్రెజర్ సెన్సార్ పంపు దగ్గర కాకుండా దిమ్మ పైపుకు వీలైనంత దగ్గరగా ఉంటుంది.

ఒత్తిడిలో ఉన్న ఫిట్టింగ్‌కు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, పాలికార్బొనేట్ షీల్డు లేకుండా పంపు స్టార్ట్ చేయకూడదు. కొత్తగా తెరిచిన బొగ్గు పెళ్లల గదిలో గాలి ఆడాలి, మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది, మన దగ్గరున్న కొద్ది బొగ్గు నుంచి అంత రాకపోయినా మూసిన పెట్టెల విషయంలో తేలిగ్గా తీసుకోవద్దు.

ముందు కంట్రోల్ దిమ్మ

అసలు బొగ్గు కంటే ముందు బొగ్గుపొడి, సిమెంటు, జిప్సం, నీళ్లు కలిపి పోత పోసిన దిమ్మను పగలగొట్టాం. దీనిలో క్లీట్లు లేవు, పొరలు లేవు. ఫ్రేమూ పంపూ సెన్సార్లూ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పేది ఇదే.

1957లో అమెరికా శాస్త్రవేత్తలు కింగ్ హబ్బర్ట్, డేవిడ్ విల్లిస్ చెప్పిన మాట: నీటి ఒత్తిడితో వచ్చే పగులు అతి తక్కువ ఒత్తిడి ఉన్న దిక్కుకు లంబంగా తెరుచుకుంటుంది. వాళ్లు దీన్ని పారదర్శకమైన జెలటిన్‌లోకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ద్రావణం ఎక్కించి కంటికి కనిపించేలా చూపించారు. ప్రయోగం అంటే అలా ఉండాలి అనిపిస్తుంది ఆ బొమ్మలు చూసినప్పుడల్లా. నిలువు రంధ్రం గోడ పగలడానికి కావాల్సిన ఒత్తిడికి వాళ్ల సూత్రం: చిన్న అడ్డం ఒత్తిడికి మూడింతలు, అందులోంచి పెద్ద అడ్డం ఒత్తిడి తీసేసి, తన్యబలం కలిపి, రాతి సూక్ష్మరంధ్రాల్లో ముందే ఉన్న నీటి ఒత్తిడి తీసేయాలి. ఆ చివరిది సున్నా అనుకుంటే, మా అంకెలతో 9 లోంచి 6 పోగా 3, దానికి తన్యబలం 1 కలిపితే 4 మెగాపాస్కల్.

కంట్రోల్ దిమ్మ పుస్తకంలో ఉన్నట్టే ప్రవర్తించింది. ఒత్తిడి తిన్నగా పెరిగింది, అంచనాకు దగ్గర్లో శిఖరం, నిటారుగా పతనం, ఆ తర్వాత 3 కంటే కాస్త పైన నిలకడ. తెరిచి చూస్తే ఒకే చదునైన పగులు, 3 మెగాపాస్కల్ ఇచ్చిన దిక్కుకు లంబంగా. యంత్రాల మీద నమ్మకం కుదిరింది.

మొదటి బొగ్గు దిమ్మ

ఫేస్ క్లీట్ తలం చిన్న ఒత్తిడికి లంబంగా ఉండేలా పెట్టాం, అంటే కొత్త పగులు పోవాలనుకునే దారీ పాత క్లీట్ల దారీ ఒకటే. నీళ్లు, నిమిషానికి 20 మి.లీ.

గ్రాఫ్ చూసి ల్యాబ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. శిఖరం లేదు. ఒత్తిడి తిన్నగా పెరుగుతూ వచ్చి, 3 దగ్గరపడుతుండగా మెత్తగా వంగి, గుండ్రంగా తిరిగి, చిన్న చిన్న రంపపు పళ్లతో అలా అడ్డంగా సాగిపోయింది. "సార్, ఇది పగిలినట్టా, లీకైనట్టా?" అని మా టెక్నీషియన్ అడిగాడు. సరైన ప్రశ్న అదే.

పై సూత్రంలో తన్యబలం సున్నా అనుకుంటే 3 మెగాపాస్కల్ వస్తుంది, గ్రాఫ్ వంగింది అక్కడే. రంధ్రం గోడను దాటిపోతున్న ఒక క్లీట్ ముందే ఉంటే దాన్ని పగలగొట్టక్కర్లేదు, తెరిస్తే చాలు, తెరవడానికి బలం అక్కర్లేదు, దాన్ని మూసి ఉంచుతున్న ఒత్తిడిని దాటితే సరిపోతుంది. పంపు ఆపేసిన వెంటనే ఒత్తిడి 3 కాస్త పైన నిలబడి మెల్లగా కిందికి జారింది. ఇదంతా ఒక క్లీట్ తెరుచుకుంది అనే కథకు సరిపోతోంది, కానీ సరిపోవడం వేరు, రుజువు వేరు.

రంగు పోయింది, మళ్లీ వచ్చింది

నల్లటి బొగ్గు మీద ఎర్ర సిరా, నీలం సిరా ఏవీ కనపడవు. అందుకని నీళ్లలో ఫ్లోరెసిన్ కలుపుతాం, యూవీ లైటు కింద పచ్చగా మెరుస్తుంది. దిమ్మను విప్పే ముందు ఇంకో జాగ్రత్త ఉంది: బొగ్గులోని రెసిన్ లాంటి కొన్ని భాగాలు వాటంతట అవే మెరుస్తాయి, అందుకే పరీక్షకు ముందే అన్ని ముఖాలనూ యూవీ కింద ఫొటో తీసి పెట్టుకున్నాం.

విప్పిన దిమ్మలో నడిమి పగులు మీద రంధ్రం దగ్గర పచ్చదనం బాగానే ఉంది, దూరం పోయేకొద్దీ మసకబారి ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. పగులు మాత్రం ఆ తర్వాత కూడా సాగుతోంది. అంటే అక్కడిదాకే నీళ్లు వెళ్లాయా? అలా రాసేయడం సులువు. కానీ ఆ ముఖం మీద బంగారు మెరుపు మచ్చలు కనిపిస్తున్నాయి, పైరైట్. పైరైట్ గాలీ చెమ్మా తగిలి ఆక్సీకరణం చెందితే ఆమ్లం పుడుతుంది, ఫ్లోరెసిన్ ఆమ్లంలో మెరుపు కోల్పోతుంది. పీహెచ్ కాగితం తడిపి అద్దితే ఎరుపు వైపు తిరిగింది. అంటే ఆమ్లం ఉంది, దాన్ని విరచడానికి పల్చటి సోడియం బైకార్బొనేట్ ద్రావణం పిచికారీ చేశాం. చీకట్లో యూవీ లైటు కింద ఆ పచ్చదనం ఇంకో నాలుగు వేళ్ల దూరం ముందుకు సాగి కనిపించింది, దాంతోపాటు పక్కకు చీలిన రెండు బట్ క్లీట్లలో కూడా. నీళ్లు అక్కడిదాకా వెళ్లాయి. ఇప్పుడు ప్రతి దిమ్మకూ ఫొటోలు రెండుసార్లు తీస్తున్నాం, పిచికారీకి ముందు, తర్వాత.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. పచ్చదనం నీళ్లు ఎక్కడికి వెళ్లాయో చెబుతుంది, ఆ దారి ఎవరు వేశారో చెప్పదు.

సిటీ స్కాన్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

200 మి.మీ. దిమ్మను అడ్డంగా 2000 పిక్సెళ్లలో బంధిస్తే ఒక్కో పిక్సెల్ 0.1 మి.మీ. నోరు తెరవని క్లీట్ వెడల్పు అందులో చిన్న భాగమే, చాలా క్లీట్లు కనపడనే కనపడవు. కాల్సైట్, పైరైట్ లాంటి ఖనిజాలు నిండిన క్లీట్లు మాత్రం బొగ్గు కన్నా బరువైనవి కాబట్టి తెల్లటి గీతలుగా ఇట్టే తెలిసిపోతాయి. స్కాన్‌లో లేదు కాబట్టి క్లీట్ లేదు అనే వాదన చెల్లదు. స్కాన్‌లో ఉంది, పరీక్షకు ముందు, అని చెబితే మాత్రం అది గట్టి సాక్ష్యం.

అందుకే ఇప్పుడు మా పద్ధతి ఇలా ఉంది. పరీక్షకు ముందు స్కాన్, పైగా ఆరు ముఖాల మీదా పక్కనుంచి పడే వెలుతురులో క్లీట్ల పటం, పారదర్శక షీటు మీద మార్కర్‌తో చేత్తో గీసింది. పరీక్ష తర్వాత అవే ముఖాల మీద అదే షీటు పరిచి చూస్తాం. గీత కింద గీత పడితే పాతది. గీత లేనిచోట తెరుచుకుంటే కొత్తది కావచ్చు. చేతిపని, విసుగు పుట్టే పని, కానీ ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువగా నమ్మేది ఈ షీట్లనే.

అకౌస్టిక్ ఎమిషన్

పగులు పడినప్పుడు వచ్చే సూక్ష్మ ధ్వనుల్ని ముఖాలకు అతికించిన పీజో సెన్సార్లు వింటాయి, ఎక్కడి నుంచి వచ్చిందో ప్రతి సెన్సార్‌కు చేరిన సమయాన్ని బట్టి లెక్కిస్తాం. సెన్సార్లు సరిగ్గా అతుక్కున్నాయా అని చూడటానికి 0.5 మి.మీ. పెన్సిల్ ములుకును దిమ్మ మీద విరుస్తాం, ఇది అన్ని ల్యాబుల్లోనూ ఉన్న అలవాటే.

రంగు రంగుల చుక్కల మబ్బు తెర మీద చూడముచ్చటగా ఉంటుంది, చూసినవాళ్లందరూ ఇదే పగులు అంటారు. లెక్క చూద్దాం. బొగ్గులో ధ్వని వేగం సెకనుకు దాదాపు 2 కిలోమీటర్లు, అంటే ఒక మైక్రోసెకనుకు 2 మి.మీ. సంకేతం మొదలైన క్షణాన్ని 5 మైక్రోసెకన్లు అటూ ఇటూగా గుర్తిస్తే చోటు 1 సెం.మీ. తేడా వస్తుంది. పొర వెంబడి వేగం ఒకటి, పొరకు అడ్డంగా ఇంకొకటి, తక్కువ. పగులు తెరుచుకునేకొద్దీ దాన్ని దాటి వచ్చే ధ్వని ఇంకా ఆలస్యమవుతుంది. మా బొగ్గులో ఫేస్ క్లీట్ల మధ్య దూరమే 1 సెం.మీ. లోపు. కాబట్టి ఏ క్లీట్ తెరుచుకుందో ఈ చుక్కలు చెప్పలేవు. అవి బాగా చెప్పేది ఎప్పుడు అనే సంగతి: గ్రాఫ్ వంగడానికి ఎంత ముందు నుంచి సందడి మొదలైంది, రంపపు పళ్లలో ఏ పల్లు దగ్గర నిజంగా చప్పుడైంది, ఏది నిశ్శబ్దంగా జారింది. దాన్ని అందుకే వాడుతున్నాం.

దిమ్మను 90 డిగ్రీలు తిప్పితే

ఇదే ఇప్పటిదాకా అన్నిటికన్నా ఆసక్తికరమైన పరీక్ష. ఫేస్ క్లీట్ల మీద ఇప్పుడు 6 మెగాపాస్కల్ పడుతోంది, అవి గట్టిగా మూసుకున్నాయి. పగులు పోవాల్సిన దిక్కున ఉన్నవి బట్ క్లీట్లు, అవేమో తెగి తెగి ఉంటాయి.

ఈసారి శిఖరం వచ్చింది, నాలుగు కాస్త దాటి. పతనం మాత్రం నిటారుగా లేదు. పడింది, మళ్లీ పెరిగింది, మళ్లీ పడింది, పళ్లు పెద్దవి, అకౌస్టిక్ సెన్సార్లలో ఒక్కో పంటికీ ఒక్కో గుంపు చప్పుడు. విప్పాక కారణం కళ్లకు కట్టింది. బట్ క్లీట్ వెంబడి సాగిన నీళ్లు అది ఫేస్ క్లీట్ దగ్గర ఆగిపోయేసరికి ఆగి, ఒత్తిడి పెరిగి, కొన్నిచోట్ల తిన్నగా అవతలి బొగ్గును చీల్చుకుని, కొన్నిచోట్ల ఫేస్ క్లీట్ వెంబడి కొద్ది దూరం పక్కకు నడిచి అవతల ఇంకో బట్ క్లీట్‌లో దూరి, మెట్లు మెట్లుగా వెళ్లింది. పారదర్శక షీటు పరిచి చూస్తే మెట్ల నిలువు భాగాలు చాలావరకు పాత గీతల మీదే పడ్డాయి. గీత లేనిచోట, రెండు ఫేస్ క్లీట్ల మధ్య పూర్తి బొగ్గును చీల్చుకుని వెళ్లిన భాగాలు కొద్దే, కానీ అవే కొత్తవి. వాటి ముఖం కూడా వేరుగా ఉంది, క్లీట్ ముఖం నునుపుగా, ఖనిజం పూతతో ఉంటే ఇవి గరుకుగా, తాజాగా నల్లగా మెరుస్తున్నాయి. భూతద్దం కింద తేడా ఇట్టే తెలుస్తుంది.

పగులు అడ్డొచ్చిన పాత చీలికను దాటుతుందా, దానిలోకే తిరుగుతుందా అన్నది రెండు అడ్డం ఒత్తిళ్ల తేడా, చీలిక ఎదురయ్యే కోణం మీద ఆధారపడుతుందని 1987లో వార్పిన్‌స్కీ, ట్యూఫెల్ అనే పరిశోధకులు వివరంగా చూపించారు. తేడా ఎక్కువ, కోణం లంబానికి దగ్గర అయితే దాటుతుంది. మా దిమ్మలో కోణం లంబమే, తేడా 3 మెగాపాస్కల్, అయినా కొన్నిచోట్ల పక్కకు నడిచింది. ఆ చోట్ల క్లీట్‌లో కాల్సైట్ లేదు, ఖాళీగా ఉంది. కాల్సైట్ నిండినచోట దాటేసింది. ఒక్క దిమ్మ మీద సిద్ధాంతం కట్టను గానీ, క్లీట్‌లో ఏం నిండి ఉందో రాయకుండా దిక్కూ ఒత్తిడీ మాత్రమే రాస్తే సగం సమాచారం పోతుందని గట్టిగా అనిపిస్తోంది.

తిరిగొచ్చిన నీళ్లు

వాల్వ్ తెరిస్తే వచ్చిన నీళ్లు నల్లగా ఉన్నాయి. వడగట్టి, ఆరబెట్టి, తూచి పెడుతున్నాం. బొగ్గు పొడి పగుల్లో ఇరుక్కుంటే ఒత్తిడి పెరుగుతుంది, కదిలిపోతే పడుతుంది, అంటే రంపపు పళ్లలో కొన్నిటికి పగులు పెరగడంతో సంబంధం ఉండకపోవచ్చు. చప్పుడు లేని పళ్లు అవే కావచ్చని అనుమానం.

గ్లిజరిన్

20 డిగ్రీల దగ్గర నీటి చిక్కదనం 1 మిల్లీపాస్కల్ సెకను, 80 శాతం గ్లిజరిన్ కలిపిన ద్రావణానిది దాదాపు 60. చిక్కదనమే పగులు వెడల్పును శాసించే పరిస్థితిలో, సిద్ధాంతం ప్రకారం వెడల్పు చిక్కదనానికి నాలుగో మూలంతో పెరుగుతుంది, అంటే 60 రెట్లు చిక్కనైతే వెడల్పు 2.8 రెట్లు. ఉష్ణోగ్రత కొద్దిగా మారినా గ్లిజరిన్ చిక్కదనం బాగా మారుతుంది, అందుకే ద్రావణాన్నీ దిమ్మనూ రాత్రంతా ఒకే గదిలో ఉంచి, పరీక్ష రోజునే విస్కోమీటర్‌తో కొలుస్తున్నాం.

మొదటి బొగ్గు దిమ్మ దిక్కులోనే పెట్టి చూస్తే ఈసారి గ్రాఫ్‌లో శిఖరం ఉంది. చిక్కటి ద్రవం సన్న క్లీట్లలోకి అంత తొందరగా జారిపోదు, రంధ్రంలో ఒత్తిడి పేరుకుంటుంది. పక్క క్లీట్లలో పచ్చదనం చాలా తక్కువ, ప్రధాన పగులు వెడల్పుగా, తిన్నగా ఉంది. ఒకే బొగ్గు, ఒకే ఒత్తిళ్లు, ద్రవం మారితే పగులు రూపమే మారింది. గ్యాస్ లాగడానికి ఏది మంచిదో ఇంత చిన్న దిమ్మ తేల్చలేదు. పొడుగాటి ఒక్క దారి కావాలా, చిన్న దారుల అల్లిక కావాలా అన్నది పొర బట్టి ఉంటుంది.

రెసిన్‌తో పగులును పట్టుకోవడం

దిమ్మను ఫ్రేము నుంచి తీసిన మరుక్షణం లోపలి పాత క్లీట్లన్నీ ఒత్తిడి వదిలి కాస్త కాస్త నోరు తెరుస్తాయి. విప్పాక చూసే వెడల్పులు లోడ్ కింద ఉన్న వెడల్పులు కావు. దీనికి మందు: నీళ్లతో పగిలాక, లోడ్ తీయకుండానే, పల్చటి ఎపాక్సీ రెసిన్‌లో మెరిసే రంగు కలిపి, పగులు మళ్లీ పెరగనంత తక్కువ ఒత్తిడితో, 2 మెగాపాస్కల్ లోపు, అదే పైపు నుంచి ఎక్కించి గట్టిపడేదాకా లోడ్ అలాగే ఉంచడం. తర్వాత వైర్ సాతో పలకలుగా కోసి, నునుపు చేసి, మైక్రోస్కోప్ కింద యూవీలో చూడటం. రెసిన్ ఉన్న పగుళ్లు లోడ్ కింద తెరిచి ఉన్నవి. లేనివి తర్వాత తెరుచుకున్నవి, లేదా రెసిన్ చేరలేనంత సన్ననివి.

తిప్పిన దిమ్మ పలకల్లో మెట్ల దారి అంతా రెసిన్‌తో వెలుగుతోంది, చుట్టూ ఉన్న చాలా పగుళ్లు చీకటిగా ఉన్నాయి. విప్పి చూసినప్పుడు అవి కూడా ఫ్రాక్చరింగ్ వల్లే అనిపించేవి, ఇప్పుడు లెక్క నుంచి తీసేశాం. 1970లు, 80ల్లో అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్ వాళ్లు ఫ్రాక్చరింగ్ చేసిన బోర్లను తర్వాత గని తవ్వకంలో తెరిచి చూసినప్పుడు, పగులు మూసుకోకుండా నీళ్లతో పాటు పంపిన ఇసుక ఎక్కడ నిండి ఉందో అదే చూశారు, ఎందుకంటే ఇసుక అక్కడికి చేరిందంటే ఆ పగులు అప్పుడు తెరిచి ఉందన్నమాట. మా రెసిన్ చేసే పని అదే.

వచ్చే దిమ్మ

45 డిగ్రీలు. ఫేస్ క్లీట్ మీద లంబంగా పడే ఒత్తిడి 6, 3 ల సగటు 4.5, జారేలా చేసే ఒత్తిడి 1.5. రాపిడి గుణకం 0.6 అనుకుంటే క్లీట్‌లో నీటి ఒత్తిడి 2 మెగాపాస్కల్‌కు చేరగానే జారాలి, తెరుచుకోవడానికి మాత్రం 4.5 కావాలి. అంటే గోడ పగిలే ముందే, నీళ్లు చేరిన క్లీట్లు చప్పుడు చేస్తూ జారడం మొదలవ్వాలి. గ్రాఫ్ ఇంకా తిన్నగా ఉన్నప్పుడే అకౌస్టిక్ సందడి కనిపిస్తే ఈ లెక్క నిలబడుతుంది, అలా కాకపోతే 0.6 మార్చాలి, దానికోసం విడి ముక్కల క్లీట్ ముఖాల మీద రాపిడి పరీక్ష పక్కనే నడుస్తోంది. క్లీట్ వెంబడి జరుగుదల కొలవడానికి ఫ్రేము ఎక్కించే ముందే రెండు ముఖాల మీద సన్న గీతలు చెక్కుతున్నాం. షీట్ల మీద పటం గీయడం అయిపోయింది, స్కాన్ అయిపోయింది, ఎపాక్సీ గట్టిపడుతోంది.